మావయ్యగారు జరిపిన సీటు

మొన్న విజయవాడలో మా మనవరాలు కొత్త కారు కొని, అమ్మమ్మే ముందు నడపాలని పట్టుబట్టి నన్ను కూర్చోబెట్టింది. తలుపు పక్కన ఏదో బొత్తాం నొక్కితే సీటు దానంతట అదే ముందుకు జరిగి, కాస్త పైకి లేచి, నా కాళ్ళకు పెడల్సు అందించింది. నా కొలత దానికి గుర్తుంటుందట, ఎవరు నడిపినా మళ్ళీ నొక్కితే చాలట. పిల్ల గొప్పగా చెబుతోంది గానీ నా మనసు అప్పటికే కంకిపాడులోని మా అత్తవారింటి వాకిట్లో ఉంది.

ఆ ఇంట్లో ఒక తెల్లకారు ఉండేది. ఆనాటి కార్లు ఎక్కినవారికి గుర్తుండే ఉంటుంది, ముందు సీటు ఒకే బెంచీ, జరిపితే ఇద్దరిదీ కలిసి జరగాల్సిందే. గేరు స్టీరింగు పక్కన, లైట్లు దించే మీట కాలికింద, పెట్రోలు ముల్లు ఎప్పుడూ సగం దగ్గరే. మా మావయ్యగారు ఆరడుగుల మనిషి. సీటు తన కాళ్ళకు సరిపడా వెనక్కి పెట్టుకున్నారు, దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. మావారు నాకు కాలవగట్టు మీద డ్రైవింగు నేర్పించినప్పుడు కూడా నేను వీపు వెనక దిండు పెట్టుకుని నేర్చుకున్నాను, లైసెన్సు కూడా అలాగే తెచ్చుకున్నాను. మావయ్యగారికి ఈ సంగతి తెలుసు. ఊఁ అనలేదు, ఉహూఁ అనలేదు. ఆయన పక్కనుండగా నేను స్టీరింగు పట్టింది మాత్రం లేదు.

మా అమ్మాయి మొదటిసారి కూచిపూడి ఊళ్ళో గజ్జె కట్టి ఆడవలసిన రోజున, పొద్దున్నే పొలంగట్టు మీద జారి మావయ్యగారి కుడిచెయ్యి వాచిపోయింది. మావారు ఆఫీసు పనిమీద క్యాంపులో ఉన్నారు. పిల్లకు రంగు వేసి, పూలజడ వేసి, నగలన్నీ పెట్టేశాం. ఆ అలంకారంతో కిక్కిరిసిన బస్సెక్కిస్తే దిగేసరికి ఏం మిగులుతుంది? అది ఏడుపు బిగపట్టుకుని కూర్చుంది, ఏడిస్తే కాటుక చెదురుతుందని. నేను ఇక ఎవరినీ అడగకుండా తాళాలు, దిండు తీసుకుని కారు దగ్గరికి నడిచాను.

"ఆ దిండెందుకమ్మా?" అన్నారు మావయ్యగారు వెనకే వచ్చి.

"కాళ్ళందవండీ."

ఆయన వంగి, ఎడమచేత్తో సీటు కింద మీట లాగి, మోకాలితో నెట్టారు. ఏళ్ళ తరబడి కదలని సీటు కిర్రుమంటూ ముందుకొచ్చింది. తరువాత అటు తిరిగి వెళ్ళి నా పక్కన కూర్చున్నారు, మోకాళ్ళు డాష్‌బోర్డుకు ఆనించి, వాచిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని. వెనక మా అత్తయ్యగారు పిల్ల జడ నలగకుండా పట్టుకున్నారు.

ఉయ్యూరు దాటాక ఇంజను వేడి చూపే ముల్లు పైకి పోవడం చూసి, కారు చెట్టునీడకు తీసి ఆపాను. ఇంజను చల్లారేదాకా ఆగి, మూతకు తడిగుడ్డ చుట్టి తిప్పి, రేడియేటరులో కాలవ నీళ్ళు పోశాను. ఆయన ఆ ముల్లును నాకంటే ముందే చూశారట, నేను చూస్తానో లేదోనని ఊరుకున్నారట. ఈ సంగతి తరువాత అత్తయ్యగారు చెప్పారు. మేం వేళకే చేరాం, పిల్ల చక్కగా ఆడింది. అక్కడ పలకరించిన ప్రతివారితోనూ మావయ్యగారు మనవరాలి నాట్యం కంటే ముందు ఇదే చెప్పారు: "మా కోడలు తోలుకొచ్చిందండీ కారు!"

ఆ తరువాత కారు అమ్మేదాకా, నేను తాళాలు తీస్తే చాలు, ఆయనే ముందు వెళ్ళి సీటు జరిపేవారు.

ఇప్పుడు ఎవరి సీటు వారిదే. మా మనవరాలు నా పక్కన హాయిగా కాళ్ళు చాపుకుని కూర్చుంది, అలాగే కూర్చోవాలి కూడా. కానీ అంత పొడుగు మనిషి నాకోసం మోకాళ్ళు ముడుచుకుని కూచిపూడి దాకా వచ్చిన ఆ రోజు నాకు కలిగిన గర్వం, ఈ బొత్తాం నొక్కితే రాలేదు. బండి కదిలించే ముందు అలవాటుగా వేడి ముల్లు కోసం వెతికాను. ఈ కొత్త కారులో అది లేదు.