చిక్కుడు కొత్తనాటి ఉప్పు

మా కాలంలో కొండమీద చిక్కుడుకాయకి కూడా ఒక తేదీ ఉండేది. పాదు విరగకాసినా, కాయలో గింజ గట్టిపడినా, పుష్యమాసంలో ‘చిక్కుడు కొత్త’ పండగ చేసి, ఇంట్లో చనిపోయిన పెద్దలకు ముందు ఆకులో పెట్టేదాకా ఎవరూ దాన్ని నోట పెట్టేవారు కాదు. ఇప్పుడు అరకు సంతలో కార్తీకం నుంచే గుట్టలు పోసి అమ్ముతున్నారు. కొనేవాళ్ళు కొంటున్నారు, తినేవాళ్ళు తింటున్నారు, ఎవరికీ ఏమీ కాలేదు. (నేను మాత్రం ఇంకా ఆగుతాను. ముప్పై నాలుగేళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని. ఒక తేదీ అంటూ ఉంటే దాన్ని ముందుకు జరపడం నావల్ల కాదు.) ఈ ఆగడంలో వండేవాళ్ళకు ఒక ఇబ్బంది ఉంది. పెద్దలకు పెట్టకముందు ఎవరూ తినకూడదంటే, వండే మనిషి కూడా రుచి చూడకూడదు. పొయ్యిమీద కుండెడు కూర ఉడుకుతున్నా దాంట్లో ఉప్పు సరిపోయిందో లేదో తెలిసే దారి లేదు. ఆ కారణంగా పద్నాలుగేళ్ళ మూడు నెలల వయసులో నేనొక ఘనకార్యం చేశాను.

మా ఊరు పెదబయలు నుంచి నడిచి రెండు గంటలు. ఆ ఏడు ఆషాఢంలో మా అయ్య మలేరియా జ్వరం వచ్చి నాలుగు రోజుల్లో పోయాడు. ఆ తరవాత అమ్మ పొయ్యి దగ్గరకి రాలేదు. పొలానికి పిలిస్తే వెళ్ళేది, తిరిగొచ్చి గోడవైపు తిరిగి చాపమీద పడుకునేది. చిన్నాన్న భార్య, మా పిన్ని, వండి ముందు పెడితే కాస్త కెలికి లేచేది. నేను ఆశ్రమ పాఠశాల నుంచి ఇంటికి వచ్చినప్పుడల్లా దూరంగా కూర్చుని అమ్మ ముద్దలు లెక్కపెట్టేదాన్ని. ఏ పూటా ఐదు దాటలేదు. మనిషి సగమైపోయింది. ఇలాగే ఉంటే అయ్య వెనకే అమ్మ కూడా వెళ్ళిపోతుందని పిన్నీ, మామ్మా గుసగుసలాడుకోవడం విన్నాను. (మామ్మ అంటే అయ్యను కన్నతల్లి. కొడుకును పూడ్చి వచ్చిన రోజునుంచి ఆవిడ నోరు మరీ గట్టిదైంది.)

ఆ పుష్యమాసంలో కొత్త పండగకి వచ్చాను. ఈసారి పెద్దల పేర్లు పిలిచేటప్పుడు మొదటిసారిగా అయ్య పేరు కూడా పిలుస్తారు. అయ్యకు చిక్కుడుకాయలూ కందులూ కలిపి అమ్మ వండే కూరంటే ప్రాణం. ఆ కూర అచ్చం అమ్మ వండినట్టే వండితే అయ్య ఆకూ నిండుతుంది, అమ్మా కడుపునిండా తింటుందని నేను తీర్మానించుకున్నాను.

“నానే వండతాను. ఎవరూ ముట్టుకోవద్దు,” అన్నాను.

“కలం పట్టుకునే సేత్తో గరిటేటి పడతావే గుంటా?” అంది మామ్మ.

ఆ గుంటకి అప్పుడే బడిలో త్రైరాశికం వచ్చింది. దాన్ని ఎక్కడ వాడదామా అని చూస్తోంది. భోజనానికి ఇరవై రెండుమంది. ఇద్దరికి సోలెడు చొప్పున సామబియ్యం పదకొండు సోలలు. ఇంతవరకూ బాగానే ఉంది. ఐదుగురికి వండినప్పుడు అమ్మ ఎంత ఉప్పు వేసేదని పిన్నిని అడిగితే నాలుగు చిటికెలంది. అయితే ఇరవై రెండుమందికి పదిహేడు చిటికెలూ, ఇంకో చిటికెలో ఐదింట మూడు వంతులూ. ఇదంతా బొగ్గుతో పొయ్యి పక్కన గోడమీద రాశాను. ఖాళీ అయిన ఉప్పు బుర్రలో (ఎండిన సొరకాయ బుర్రలో రాళ్ళుప్పు పోసి వేలాడదీసేవాళ్ళం) ముందురోజు సాయంత్రం గుప్పెళ్ళు లెక్కపెట్టి మరీ తొమ్మిది పోశాను. తరవాత ఇంటిల్లిపాదికీ ఒక ఆజ్ఞ జారీచేశాను: “ఉప్పేసినావా, కారమేసినావా అని నన్నెవరూ అడగొద్దు. అంతా గోడమీదుంది.”

“గోడమీదున్నది కూరలోకెలగ దిగుద్దే?” అంది పిన్ని. మా ఇంట్లో ఆ గోడ చదవగలిగింది నేనొక్కదాన్నే.

పండగ పొద్దున్న కందులు ఉడికాక చిక్కుళ్ళు వేసి, ఉప్పు చిటికెలు లెక్కపెట్టి వేసి (ఐదింట మూడు వంతుల కోసం ఒక ఉప్పురాయిని రోట్లో చిదిపాను), నీళ్ళకోసం రెండుసార్లు గెడ్డకి వెళ్ళొచ్చాను. పొయ్యి దగ్గర ఎవరూ కనబడలేదు. నా ఆజ్ఞ బాగా పనిచేసిందని మురిసిపోయాను.

మధ్యాహ్నం చిన్నాన్న స్నానం చేసి వచ్చి అడ్డాకుల్లో అన్నం, కూర, కోడిమాంసం వడ్డించాడు. తాతల పేర్లు ఒక్కొక్కటే పిలిచాడు. ఆఖరిది అయ్య ఆకు. దాని ముందు కూర్చుని, “అన్నా, నీ గుంట వండింది. తిను,” అన్నాడు. అంతే అనగలిగాడు.

తరవాత అందరం కూర్చున్నాం. పిన్ని అమ్మని రెక్కపట్టి తీసుకొచ్చి నా ఎదురుగా కూర్చోబెట్టింది. మొదటి ముద్ద మామ్మది. నోట్లో పెట్టుకుని ఆగిపోయింది. ఆవిడ కళ్ళు చిన్నవై, మళ్ళీ పెద్దవయ్యాయి. పెద్దలకు పెట్టిన తిండిని మాట అనకూడదు గనక కష్టపడి మింగింది. తరవాత చిన్నాన్న మింగాడు. వరసగా అందరి చేతులూ నీళ్ళ చెంబులమీదికి పోతున్నాయి. అప్పుడు నేను ఒక ముద్ద పెట్టుకున్నాను. అప్పటికి నేను విశాఖపట్నం సముద్రాన్ని చూడలేదు గాని, దాని రుచి ఎలా ఉంటుందో ఆ రోజే తెలిసింది.

అయ్య పోయాక ఆయనకి పెట్టిన మొదటి ఆకు అది. మళ్ళీ తీసి పెట్టడానికి లేదు. నా కళ్ళలోంచి నీళ్ళు ఆకులో పడుతున్నాయి. (అందులో ఇంకా ఉప్పు కలిపినట్టే.) అప్పుడు మామ్మ అయ్య ఆకువైపు తిరిగి గట్టిగా అంది: “ఒరే కొడకా, సచ్చిపోయి బతికిపోయినావురా! ఉండుంటే ఈ కూర ఆకునిండా తినవలసొచ్చేది!”

ఎక్కడో ఎక్కిలిలాంటి చప్పుడు వచ్చింది. చూస్తే అమ్మ. నవ్వుతోంది. పైట నోటికి అడ్డం పెట్టుకుని, ఒళ్ళంతా ఊగిపోతూ నవ్వుతోంది. మామ్మ నవ్వింది, పిన్ని నవ్వింది. ఏ క్షణాన నవ్వు ఏడుపైందో చెప్పలేను గాని, కాసేపటికి ఇల్లంతా ఏడుస్తోంది. ఆరు నెలలుగా ఎవరికి వాళ్ళు మూల మూలన దాచుకున్న ఏడుపు అది. అమ్మ ముఖం తుడుచుకుని, పైట బొడ్లో దోపి లేచింది. తిన్నగా పొయ్యి దగ్గరకి వెళ్ళింది.

“బేగి నీళ్ళు తే. ఆ గుమ్మడికాయ కొయ్యి. ఏటలా సూస్తావు?” అంది నాతో.

గుమ్మడి ముక్కలు పడి, నీళ్ళు పడి, ఆ కూర మనుషులు తినే కూర అయింది. ఆ పూట అమ్మ పదకొండు ముద్దలు తింది.

తరవాత విచారణ చేశాను. “గుంటకి ఉప్పు గుర్తుండదని గుప్పెడేసినాను,” అంది పిన్ని. “నానూ ఏసినాను. నా కొడుక్కి సప్పన కూడెట్టమంటావేటి?” అంది మామ్మ. నా పదిహేడున్నర చిల్లర చిటికెలూ కలిపితే గుప్పెడు. మూడు గుప్పెళ్ళు పోగా బుర్రలో ఆరు ఉండాలి. (మిగతా వంటలకి ఉప్పు వేరే పొట్లంలోది.) కొలిస్తే ఐదే ఉన్నాయి. మళ్ళీ కొలిచాను. ఐదే. ఇంట్లో ఆడవాళ్ళం నలుగురం. నాలుగో మనిషి అప్పుడు నాకు వీపు పెట్టి కూర కుండ తోముతోంది. ఎందుకో అడగలేకపోయాను.

చాలా ఏళ్ళ తరవాత, అమ్మ అరకులో మా ఇంట్లో మంచంమీద ఉన్నప్పుడు అడిగాను. “ఏ ఉప్పు?” అంది అమ్మ. గుర్తుచేశాను. “లెక్కలు సెప్పే టీచరమ్మవి. నువ్వే తప్పు కొలిసుంటావు,” అని అటు తిరిగి పడుకుంది. నిజమే, అందరి గుప్పెళ్ళూ ఒక్కలా ఉండవు. ఇదే సంగతి నా శిష్యులెవరైనా ఎత్తి చూపితే మార్కులు వేసేదాన్ని. ఆ లెక్కని మాత్రం నేను దిద్దలేదు.

ఇప్పుడు కొత్తనాడు పిలిచే పేర్లలో మామ్మా, పిన్నీ, అమ్మా కూడా ఉన్నారు. కూర నేనే వండుతాను, రుచి చూడకుండానే. కిందటేడు అందరూ తిని మారు మాటాడకుండా నీళ్ళు తాగారు. ఉప్పు కొలిస్తే ఒకటికి రెండు గుప్పెళ్ళు పోయాయి. కోడల్ని అడిగితే తను పొయ్యి దగ్గరకే రాలేదంది. గుర్తు తెచ్చుకుంటే, రెండు గుప్పెళ్ళూ నావే.