బావ2

ఈ సంగతి హెడ్డాఫీసుకు రాశాను. మిషన్ అమ్మిన కంపెనీకి రాశాను. ఒక కంప్యూటర్ పత్రికకూ రాశాను. ఒక్కరూ జవాబివ్వలేదు. దెయ్యం కథ అనుకొని పక్కన పడేసి ఉంటారు. దెయ్యాల్ని నమ్మేవాణ్ణయితే మల్కాపురంలో శ్మశానం పక్క వాటాలో ఇన్నేళ్లు కాపురం ఉండేవాణ్ణి కాను.

తొంభైల్లో పోర్టు దగ్గర ఒక సరుకు రవాణా ఆఫీసులో యూనిక్స్ కంప్యూటర్ మిషన్లు చూసుకునేవాణ్ణి. కిటికీలు మూసినా ఇనుప ఖనిజం ధూళి కీబోర్డుల మీద ఎర్రగా పేరుకునేది. నాతోపాటు అప్పలనాయుడని తగరపువలస మనిషి ఉండేవాడు. నేను అతన్ని బావా అనేవాణ్ణి, అతను నన్నూ బావా అనే పిలిచేవాడు.

అందరికీ లాగిన్ పేర్లు పెట్టింది అతనే. నాకు ‘బావ’ కావాలన్నాను. అప్పటికే తను పెట్టేసుకున్నాడు. నాకు ‘బావ2’ ఇచ్చాడు.

“ఏటి బావా, అలిగినావేటి? మిషన్లో ఇద్దరు బావలుంటే, పిలిస్తే ఎవుడు పలుకుతాడు? నాను ఎల్లిపోయిన్నాడు నువ్వే తీసుకుందువుగాని.”

“అందాకా నేను రెండోవాణ్ణా?”

“రెండోవోడివే. సేప తలకాయి కూడా నాదే,” అంటూ నా క్యారేజీలోంచి తీసేసుకున్నాడు. జాలరిపేట నుంచి మా ఆవిడ ఏరి తెచ్చిన వంజరం అది. ఆ తలకాయనీ నేను మర్చిపోలేదు.

ఆ పేర్లన్నీ ఒక్క సర్వర్‌లోనే ఉండేవి. మిగతా మిషన్లకు ఒక్కో పేరుకిచ్చిన నంబరే తెలుసు. ఫలానా నంబరు ఎవరిదని సర్వర్‌ని అడిగి పేరు తెలుసుకోవడానికి ప్రతి మిషన్‌లో వెనకాల ఒక ప్రోగ్రాం నడిచేది. వైపీబైండ్ అంటారు.

రెండువేల సంవత్సరం దాటాక బావ గుండెపోటుతో పోయాడు. కొన్నాళ్లకు ఆ సర్వరూ పోయింది. ప్రోగ్రాం మాత్రం పలకని సర్వర్‌ని అడుగుతూనే ఉండేది. మిషన్లు బిగుసుకుపోయేవి. మేనేజరు దాన్ని ఆపేయమన్నాడు.

అది అడుగుతున్నంతకాలం ఎప్పటికైనా పేరొస్తుందని ఆశ, ఆపితే నంబర్లే మిగులుతాయి. బావ పేరు ఇక ఏ తెర మీదా కనబడదు. చెప్పగలిగినన్ని సాకులు చెప్పాను. చివరికి ఒకరోజు భోజనాల వేళ నా మిషన్‌లో ఆపేశాను. మళ్లీ దానంతటది మొదలవకుండా స్టార్టప్‌లోంచి తీసేసి, నెట్‌వర్క్ వైరు పీకి, మిషన్ రీబూట్ చేశాను.

ఫైళ్ల జాబితా తెరిచాను. ఏ ఫైలు ఎవరిదో చెప్పే పేర్లున్న చోటల్లా నంబర్లు. బావ ఫైళ్ల దగ్గరా నంబరే. నా ఫైళ్ల దగ్గర మాత్రం పేరుంది. ‘బావ2’ కాదు. ‘బావ’.

మిషన్ తన సొంత పేర్లు రాసుకునే పాస్‌వర్డ్ ఫైలు తెరిచి చూశాను. ఆ పేరు లేదు. ప్రోగ్రాం నడవడం లేదు. వైరు నా చేతిలోనే ఉంది.

మేనేజరు వచ్చి చూసి, “నువ్వే పెట్టుకునుంటావ్. ఆ పేరు మీద నీకు మోజు కదా,” అన్నాడు. నేను పెట్టలేదు. అప్పుడూ చెప్పాను, ఇప్పుడూ చెబుతున్నాను.

ఆ మిషన్ తుక్కులోకి వెళ్లేదాకా ఆ పేరు అలాగే ఉంది. ఎలా వచ్చిందో ఈ రోజుకీ నాకు తెలియదు.

ఆఫీసులు జవాబివ్వకపోతే పోనీ. నిన్నే అడుగుతున్నాను. ఇచ్చేవాడివి ఉన్నప్పుడే ఇవ్వొచ్చు కదా? నువ్వు ఉత్త నంబరుగా మిగిలిపోయి నాకు పేరెందుకు? అది నాకొద్దు. వచ్చి తీసుకో. తలకాయా తీసుకో.

బావా అని పిలుస్తున్నాను. పలుకు.