నూరు ఏడుపుల పండగ

శనివారం పొద్దున ఎనిమిదీ నలభైకి పిట్స్‌బర్గ్‌లో బస్సెక్కాను. ఒళ్ళో గాజు సీసా, అందులో ఉగాది పచ్చడి. సెప్టెంబరులో ఉగాది ఏమిటని మీరు అడగొచ్చు. నన్ను పిలిచింది యూదుల సంవత్సరాదికి. కొత్త సంవత్సరమంటే మనకి తెలిసిన మర్యాద పచ్చడే కదా! మామిడికాయ దొరక్క పుల్లటి ఆకుపచ్చ ఆపిల్ తరిగి వేశాను. వేపపువ్వు మాత్రం అసలుది. నా రూమ్మేట్ నర్సింగ్ వాళ్ళమ్మ వరంగల్ నుంచి ఎండబెట్టి పంపింది.

బస్టాండుకి కార్లో దింపింది కూడా నర్సింగే. "తెల్లోళ్ళకు వేపపువ్వు తినిపిస్తవా? పోలీసులకు ఫోన్ చేస్తరు చూడు," అని నవ్వాడు. మూడేళ్ళుగా ఇద్దరం ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. నాది గుంటూరు. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో పోలీసు కాల్పుల్లో వాళ్ళన్న పోయాడు. డెబ్బై రెండులో నేను జై ఆంధ్ర ఊరేగింపుల్లో తిరిగాను. ఆ రెండు సంవత్సరాల ఊసెత్తకూడదని చేరిన మొదటి వారమే ఒప్పందం చేసుకున్నాం. వంట వంతులు ఎగ్గొట్టిన రోజులున్నాయి గాని ఆ ఒప్పందం మాత్రం ఎన్నడూ తప్పలేదు.

వెళ్తున్నది ఒహాయో నది ఒడ్డున ఒక చిన్న ఊరికి. పేరు రాయను, ఎందుకో మీకే తెలుస్తుంది. అమెరికా వచ్చిన కొత్తలో అక్కడి కాలేజీలో చదువుకుంటూ ఎస్తేర్ గారింట్లో అద్దెకున్నాను. ఆవిడకి భర్త లేడు, ఒక్కడే కొడుకు డానీ. నాకు కారు నడపడం నేర్పింది వాడే. నేను బ్రేక్ వేసినప్పుడల్లా దేవుణ్ణి తలుచుకునేవాడు. తర్వాత ఇజ్రాయెల్ వెళ్ళి అక్కడే స్థిరపడి సైన్యంలో చేరాడు. ఆ ఏడాదే, ఎనభై రెండు జూన్‌లో, లెబనాన్ యుద్ధంలో చనిపోయాడు. "పండక్కి రా మూర్తీ. బల్ల దగ్గర ఒక్కదాన్నే కూర్చోలేను," అని ఆవిడ ఫోన్ చేశారు.

ఈ దారిన వెళ్ళేవాళ్ళు ఎడమవైపు కిటికీ పట్టుకోండి, నది కనిపిస్తుంది. పది గంటలకి ఒకచోట పావుగంట ఆపారు. అక్కడి కాఫీ తాగకపోయినా మీకు నష్టమేమీ లేదు. నా పక్కన ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగం పోయిన పెద్దాయన కూర్చున్నాడు. ఎక్కడ దిగుతావని అడిగి, చెబితే ఆశ్చర్యపోయాడు. "ఆ ఊళ్ళో ఇప్పుడు బస్సెక్కేవాళ్ళే గాని దిగేవాళ్ళు లేరయ్యా," అన్నాడు.

పదకొండున్నరకి దిగి ఆరు వీధులు నడిచాను. ఎస్తేర్ గారు చిక్కిపోయారు. నన్ను చూసి నవ్వారు, సీసా చూసి కంగారుపడ్డారు. నేను గొప్పగా షడ్రుచుల సంగతి వివరించాను. పాపం, ఆవిడ చివరిదాకా విన్నారు. "మూర్తీ, ఈ పండగ రోజుల్లో మేము పులుపూ చేదూ ముట్టుకోం. ఏడాదంతా తియ్యగా ఉండాలని ఆపిల్ ముక్క తేనెలో ముంచుకు తింటాం," అని సీసాని ఫ్రిజ్‌లో వెనక్కి నెట్టేశారు. నాకు సిగ్గేసింది. రెండేళ్ళు అద్దెకున్నవాణ్ణి, ఆ మాత్రం తెలుసుకోలేదు.

ఆదివారం పొద్దున ఏడింటికి వంటింట్లోకి వెళ్ళేసరికి బల్ల మీద న్యూస్‌పేపర్ పరిచి ఉంది. లెబనాన్‌లోని బేరూత్‌లో, ఇజ్రాయెల్ సైన్యం చుట్టుముట్టిన పాలస్తీనా శరణార్థుల శిబిరాల్లో ఆడవాళ్ళనీ పిల్లల్నీ చంపేశారని మొదటి పేజీ నిండా వార్త. ఒక ఫోటో చూసి పక్కకి తిరిగాను, మళ్ళీ చూడలేకపోయాను. ఎస్తేర్ గారు కళ్ళజోడు లేకుండా దాని ముందు కూర్చుని ఉన్నారు. "గుడికి వెళ్ళాలి, పండగ కొమ్ము ఊదేది ఇవాళే," అన్నారు. నిన్న శనివారం, వాళ్ళ విశ్రాంతి దినం కాబట్టి ఊదలేదట.

తొమ్మిదింటికి వాళ్ళ గుడికి చేరాం. గుమ్మం దగ్గర నాకూ ఒక చిన్న టోపీ ఇచ్చారు. మూడొందల మంది పట్టే హాలులో అరవై మంది ఉంటారేమో. వాళ్ళు కూడా మగపెళ్ళివారూ ఆడపెళ్ళివారూ లాగా అటు కొందరు, ఇటు కొందరు. యుద్ధం ఆపాలని రబ్బీ, అంటే వాళ్ళ గురువు, జూలైలో ఊరి పేపర్‌కి ఉత్తరం రాశాడట. అప్పటినుంచీ సగంమంది ఆయనతో మాట్లాడటం మానేశారు, మిగతా సగం ఆ సగంతో మానేశారు. రబ్బీతో మానేసినవాళ్ళకి పెద్ద సామ్, ఇనప సామాన్ల కొట్టాయన. ఇరవై ఏళ్ళుగా ఆ గుడిలో పొట్టేలు కొమ్ము ఊదేది కూడా ఆయనే. మరొకరికి ఊదడం రాదు. డానీని చిన్నప్పుడు భుజాల మీద మోసినవాడు. ఎస్తేర్ గారు అటూ ఇటూ కాకుండా చిట్టచివరి వరసలో కూర్చున్నారు.

పదకొండు దాటాక రబ్బీ మాట్లాడటానికి లేచాడు. బక్కపల్చటి మనిషి, గొంతు కూడా చిన్నదే.

"కాసేపట్లో సామ్ నూరుసార్లు కొమ్ము ఊదుతాడు. నూరే ఎందుకో మన పెద్దలు చెప్పిన ఒక కారణం ఉంది," అన్నాడు. "పూర్వం ఒక సేనాపతి రథాలేసుకుని మన మీదికి వచ్చాడు. మన చేతిలో చచ్చాడు. మనం పండగ చేసుకున్నాం. వాళ్ళమ్మ మాత్రం కిటికీ దగ్గర నిలబడి, నా కొడుకు రథం ఇంకా రాలేదేమని ఎదురుచూసింది. రాడని తెలిసి నూరు ఏడుపులు ఏడ్చిందట. ఈ కొమ్ము ఏడ్చేది ఆ ఏడుపే. మన అమ్మ ఏడుపు కాదు, శత్రువు అమ్మది."

నేను నిర్ఘాంతపోయాను. గుడిలో, అదీ సంవత్సరాది నాడు, చంపడానికి వచ్చినవాడి తల్లి ఏడుపుని తలుచుకోవడమా? మన పండగల్లో రాక్షసుడు చచ్చాడని దీపాలు పెడతాం. ఆ రాక్షసుడికో తల్లి ఉందన్న ఊహ నాకు ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారీ రాలేదు.

"బేరూత్‌లో జరిగినదానికి ఎవరు ఎంత బాధ్యులో ఇవాళ చెప్పను. ఆ విషయంలో నాకూ సామ్‌కీ కుదరదు," అన్నాడు రబ్బీ. "అక్కడ తల్లులు ఏడుస్తున్నారు. ఈ గదిలోనూ ఒక తల్లి ఉంది. ఒకరి కోసం ఏడిస్తే రెండోవాళ్ళకి తక్కువవుతుందా?"

సామ్ దిగ్గున లేచాడు. "ఎస్తేర్ ఎదురుగానా ఈ మాట? సిగ్గు లేదూ నీకు?" అని అరిచాడు. కొమ్ముని మఖమలు సంచీలో కుక్కుకుని, నడవలోంచి దబదబ నడిచి బయటికి వెళ్ళిపోయాడు. తలుపు దడాలున మూసుకుంది. అతను పోయినందుకు రబ్బీ పక్షంలో ఎవరో చప్పట్లు కొట్టారు, ఇంకో ఇద్దరు అందుకున్నారు. ఇది గుడేనా అనుకున్నాను.

రబ్బీ మొహం ఎర్రబడింది. "చప్పట్లు కొట్టినవాళ్ళు వెళ్ళి అతన్ని లోపలికి పిలుచుకు రండి. మన పక్కవాడి మీద లేని దయ దూరాన ఉన్నవాళ్ళ మీద ఉందంటే నేను నమ్మను," అన్నాడు. ఎవరూ కదల్లేదు. చప్పట్ల వాళ్ళూ తల వంచుకున్నారు, సామ్ పక్షం వాళ్ళూ తల వంచుకున్నారు.

ఎస్తేర్ గారు లేచారు. ఆవిడ కూడా వెళ్ళిపోతున్నారనే అందరం అనుకున్నాం. రబ్బీ కళ్ళు మూసుకున్నాడు. నేను ఆవిడ చేతిసంచీ పట్టుకుని వెంట పరిగెత్తాను.

సామ్ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. "ఇంటికి తీసుకెళ్తాను పద ఎస్తేర్," అన్నాడు.

"లోపలికి పద," అన్నారావిడ.

"వాడి ముందు ఊదమంటావా?"

"వాడి ముందు కాదు, నాకోసం ఊదు. జూన్ నుంచి నాకు ఏడుపు రాలేదు సామ్. ఒక్క చుక్క కూడా రాలేదు. నూరు ఉన్నాయిగా నీ దగ్గర. సగం ఆ శత్రువు అమ్మకి పోతే పోనీ. సగం చాలు నాకు."

సామ్ రెయిలింగ్ పట్టుకుని లేచాడు.

ఆ కొమ్ము శబ్దం వినసొంపుగా ఉండదు. మొదట ఒక పొడుగాటి కేక, తర్వాత మూడు మూలుగులు, ఆపైన వెక్కిళ్ళలా తొమ్మిది ముక్కలు. మళ్ళీ కేక. ప్రార్థనకీ ప్రార్థనకీ మధ్య విడతలు విడతలుగా ఊదాడు. నాలుగో విడతకి సామ్ పెదవి చిట్లింది, రుమాలు అద్దుకుని మళ్ళీ ఎత్తాడు. ఎక్కడో నలభై దాటాక నా పక్కన ఎస్తేర్ గారు ఏడవడం మొదలుపెట్టారు. చెంగు అడ్డం పెట్టుకునే ఏడుపు కాదది, గొంతెత్తి ఏడ్చారు. రబ్బీ ఆపలేదు, సామ్ ఆపలేదు. ఆఖరి పొడుగాటి కేకకి సామ్‌కి ఊపిరి చాల్లేదు, మధ్యలో తెగింది. మళ్ళీ ఊదమని ఎవరూ అనలేదు.

రెండింటికి ఇంటికొచ్చి భోజనానికి కూర్చున్నాం. ఆపిల్, తేనె, గుండ్రటి రొట్టె. ఎస్తేర్ గారు ఆపిల్ ముక్క తిని, లేచి ఫ్రిజ్‌లోంచి నా సీసా తీశారు. నేను వద్దనబోయాను. "ఇవాళ్టికి మీ పద్ధతి," అని ఒక చెంచా నోట్లో పెట్టుకుని కళ్ళు చిట్లించారు.

"ఈ చేదు ఏమిటి?"

"వేపపువ్వు. నా రూమ్మేట్ వాళ్ళమ్మ పంపింది."

"ఆవిడకి ఎంతమంది పిల్లలు?"

"ఇద్దరు. పెద్దవాడు కాల్పుల్లో పోయాడు. అప్పుడు మా ప్రాంతానికీ వాళ్ళ ప్రాంతానికీ గొడవలు."

"పేరేమిటి అతనిది?"

నాకు తెలియదు. తెలియదనే చెప్పాను. ఎస్తేర్ గారు చెంచా పట్టుకుని నన్ను అలాగే చూశారు. "మూడేళ్ళు ఒకే ఇంట్లో ఉండి?" అన్నారు. పొద్దున పేపర్ చూసినప్పుడూ, సామ్ లేచి వెళ్ళినప్పుడూ కొయ్యబారాను గాని, అప్పుడు కలిగినంత దిగ్భ్రమ ఎప్పుడూ కలగలేదు. ఇది నా సంగతి మరి. ఆవిడ ఇంకో చెంచా తిని, సీసాకి మూత బిగించి నా సంచీలో పెట్టారు.

సాయంత్రం నాలుగుంబావు బస్సు దొరికింది. తిరుగు ప్రయాణంలో కుడివైపు కూర్చోవాలి నది కోసం. నేను కూర్చున్నాను గాని నదిని చూడలేదు.

ఏడింటికి పిట్స్‌బర్గ్‌లో నర్సింగ్ కారుతో సిద్ధంగా ఉన్నాడు. "ఏమైంది భాయ్, మొఖం గట్ల పెట్టినవ్? వేపపువ్వు ఉమ్మేసిన్రా?" అన్నాడు.

"నర్సింగ్, మీ అన్న పేరేంటి?"

తిప్పబోయిన తాళం చెవి మీదే అతని చెయ్యి ఆగిపోయింది. "ఏందిప్పుడు? మనం మాట్లాడొద్దనుకున్నం గదా."

"అనుకున్నాం. తప్పయింది. చెప్పవా?"

తాళం చెవి వదిలేశాడు. "సమ్మయ్య," అన్నాడు. "మీటింగుకని పోయిండు. అమ్మ ఇప్పటికీ బస్సు వచ్చే యాళ్ళకు గడప మీద కూసుంటది. బస్సు పోయినంక లేస్తది."

పార్కింగ్ లాట్‌లోనే కూర్చుని ఇంకా చాలా చెప్పాడు, నేను విన్నాను. తర్వాత నా వంతు వచ్చింది. డెబ్బై రెండులో మా కాలేజీ కుర్రాళ్ళం, తెలంగాణ ఉద్యమంలో చనిపోయినవాళ్ళని వెక్కిరిస్తూ ఒక నినాదం ఇచ్చేవాళ్ళం. నేను ముందు నిలబడి అరిచేవాణ్ణి. అది కూడా చెప్పేశాను. ఇంక ఈ స్నేహం ఇంతే అనుకుంటూనే చెప్పాను.

నర్సింగ్ కారు అద్దం కిందికి దించాడు. వరసగా రెండు బస్సులు వచ్చి వెళ్ళాయి.

"సీసాల ఏమన్న మిగిలిందా?" అన్నాడు చివరికి.

రెండు చెంచాలు తప్ప అంతా మిగిలింది. మూత తీసి ఇచ్చాను. వేలితో తీసుకుని తాను నాకి, సీసా నా వైపు జరిపాడు.