సీలు విప్పిన తుపాకి

మా ఆయన ఐర్లండులోని ములింగార్‌లో ఆసుపత్రి డాక్టరు. ఒకరికి గడియారాల పిచ్చి ఉంటుంది, ఒకరికి నాణేల పిచ్చి. ఈయనకి పాత వేటతుపాకుల పిచ్చి. లైసెన్సు తెచ్చుకుని మరీ కొన్నది ఒకటే. తయారైననాటి అట్టపెట్టె సీలు కూడా చెదరలేదు దానికి. "విప్పితే విలువ పోతుందే" అంటూ మెట్ల కింద ఇనప్పెట్టెలో దాచి, తాళం తనదగ్గరే ఉంచుకున్నారు. "విప్పి ముచ్చట తీర్చుకోని వస్తువు ఉంటే ఎంత, లేకుంటే ఎంత?" అని నేను వెక్కిరించేదాన్ని. దసరా ఆయుధపూజకి మాత్రం ఆ అట్టపెట్టె బయటికి వచ్చేది. పసుపు తడి ఇనుముకి తగలకూడదని అట్ట మీదే బొట్టు పెట్టించేవారు. అట్టపెట్టెకి హారతిచ్చిన ఇల్లాలిని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

కోవిడ్ వచ్చాక ఆయనకి మాట తగ్గింది. డ్యూటీ నుంచి రాగానే వెనకగదిలో బట్టలు విడిచి, స్నానం చేసి, కింది గదిలోనే ఒంటరిగా పడుకునేవారు. ఒకరోజు ఆ బట్టలు మిషన్లో వేస్తూ జేబు తడిమితే చిరిగిన సీలు చేతికొచ్చింది. ఇన్నేళ్లూ ముట్టనివ్వని మనిషి ఇప్పుడే ఎందుకు విప్పినట్టు? విప్పమని పోరిందీ నేనే, విప్పాక వణికిందీ నేనే. అడిగితే అబద్ధం చెబుతారని అడగలేదు. ఆనాటి నుంచి ఆయన్ని కనిపెట్టుకుని ఉండటమే నా పనైంది. కింద తలుపు చప్పుడైతే చాలు, గిన్నెలు కడగడం ఆపి చెవులు రిక్కించేదాన్ని. ఎలా ఉన్నారంటే, బాగున్నానని చెప్పే ఇక్కడివాళ్లలా "గ్రాండ్" అనేవారు. ఆ మాట వింటేనే ఒళ్లు మండేది.

దసరా వచ్చింది. కుంకుమ భరిణె పట్టుకుని మెట్ల దగ్గరికి వెళ్లాను.

"పెట్టె తియ్యండి, బొట్టు పెడతాను."

"ఈసారికి ఈ ఇనప్పెట్టెకే పెట్టెయ్యవే," అన్నారు, మాస్కు సర్దుకుంటూ.

"తాళం ఇలా ఇవ్వండి."

తల వంచుకుని ఇచ్చారు. తలుపు తీస్తే లోపల ఏమీ లేదు.

"ఏం చేశారండీ దాన్ని?"

"కొన్న షాపాయన దగ్గరే దాచమని ఇచ్చేశా. ఆమధ్య వార్డులో ఒకాయన పోయిన రోజు, విప్పి చాలాసేపు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నానే. తర్వాత అది ఇంట్లో ఉంటే నా మీద నాకే భయమేసింది."

కోపం, ఏడుపు ఒక్కసారే తన్నుకొచ్చాయి. "నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఆ రోజు నుంచీ నన్ను అనుమానంగా చూస్తావని."

నేను ఎప్పటినుంచి అలా చూస్తున్నానో చెప్పలేదు. భరిణె మూత తీసి ఆయన నుదుటికి బొట్టు పెట్టాను. కోవిడ్ వచ్చాక ఆయన్ని తాకడం అదే మొదలు.