మునిగిపోయామన్న మంత్రిగారు

మంత్రి సిక్స్టెన్ తూర్నెఫ్యెల్ గారికి రోజుకి నాలుగుసార్లు నిరాశ పడందే ముద్ద దిగేది కాదు. ముప్పై ఏళ్లు స్వీడన్ తరఫున సంధులు కుదిర్చిన ఆ పెద్దమనిషి, ప్రతి సంధికీ ముందు దేశం మునిగిపోయిందని ప్రకటించేవారు.

కాఫీ చల్లారితే, "అయిపోయింది బ్రూలిన్! మన పని అయిపోయింది!"

"కాఫీయే కదండీ, వేడి చేయిస్తాను," అనేవాడు కార్యదర్శి యాల్మర్ బ్రూలిన్.

"ఫిన్లండ్ మన చేజారి రష్యా పాలైన రోజు కూడా ఎవడో కాఫీ చల్లార్చే ఉంటాడయ్యా!"

లండన్ నుంచి ఉత్తరం రాకపోతే యుద్ధం, వస్తే అవమానం. ఈయన్ని ఓదార్చడానికే తనకు జీతమిస్తున్నారని బ్రూలిన్ విసుక్కునేవాడు. అయితే అందరి వంతూ ఆయనే భయపడేయడంతో ఆ గదిలో ఇంకెవరికీ భయపడే తీరిక మాత్రం ఉండేది కాదు.

ఏప్రిల్‌లో డెన్మార్క్‌తో చేపల వేట ఒప్పందం మాటలు మొదలయ్యాయి. ఆ ఉదయమే బ్రూలిన్ రెండు కవర్లు తారుమారు చేశాడు. డేనిష్ రాయబారికి పంపాల్సిన విందు పిలుపు గోథెన్‌బర్గ్ రేవు అధికారికి వెళ్లింది. ఆ అధికారికి వెళ్లాల్సిన, స్వీడన్ చివరికి ఎంతవరకు వదులుకోవచ్చో రాసిన రహస్యపత్రం రాయబారికి చేరింది.

రాయబారి ఆ కాగితంతోనే నవ్వుతూ వచ్చాడు. "మీరు ఆగుదామనుకున్న చోట మొదలెడదామా?"

బ్రూలిన్ కార్యదర్శి హోదా ఇక ఊడినట్టే. పన్నెండేళ్లు నకళ్లు రాస్తే దక్కిన హోదా అది. దాన్ని చూసే, అతను మనసుపడ్డ థీరాని ఇస్తానని ఆమె తల్లి ఒప్పుకుంది. స్టాక్‌హోమ్‌లో ఎవరినైనా పిలిచేది హోదాతోనే; అది లేనివాణ్ణి ఏమని పలకరించాలో ఎవరికీ తెలియదు. టోపీ తాకి, దగ్గి, దాటిపోతారు.

"నా బతుకు తెల్లారిపోయిందండీ," అన్నాడు ఏడుపు గొంతుతో.

మంత్రిగారు ఏనాడూ లేనంత తాపీగా కూర్చున్నారు. "ఛ! దీనికేనా? ముందు కాఫీ తాగు."

తాగించి, తిన్నగా మంత్రిమండలికి వెళ్లారు. కవర్లు మార్చింది తానేనన్నారు. ఒక్కరూ అనుమానించలేదు.

"నా చేతులమీదుగానే దేశం మునుగుతుందని ముప్పై ఏళ్లుగా చెబుతూనే ఉన్నానుగా!" అని రాజీనామా ఇచ్చేశారు.

సంగతి తెలిసి బ్రూలిన్ ఆయన ఇంటికి పరుగెత్తాడు. "ఎంత పని చేశారండీ! నా తప్పుకి మీ పదవి పోయింది. ఇప్పుడు మిమ్మల్ని మంత్రిగారూ అని కూడా పిలవలేనే!"

ఆయన రెండు గ్లాసులు నింపారు. పెద్దవాడు గ్లాసెత్తి ఒప్పుకుంటే తప్ప ఆ ఊళ్లో చిన్నవాడు పేరు పెట్టి పిలవకూడదు.

"సిక్స్టెన్ అను," అన్నారు గ్లాసెత్తి.

బ్రూలిన్ తాగాడు, కళ్లు తుడుచుకున్నాడు, మూడుసార్లు నోరు తెరిచాడు.

"సిక్స్టెన్... గారూ."

"పర్లేదులే," అన్నారాయన, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆశపడుతూ. "నీ పెళ్లినాటికి అలవాటైపోతుంది."