విత్తనాల ఒలుపు, పిటీలు తాత

మా వీధి చివరి హోటల్లో ఈ మధ్య భోజనం చేసేవాళ్ల కోసం పాటలు పెడుతున్నారు. వాళ్ల మర్యాద వాళ్లది. నాకు మాత్రం పాట వినిపిస్తే దవడ ఆగిపోతుంది. సర్వరు వచ్చి సాంబారు బాగాలేదా అని అడుగుతాడు. సాంబారు తప్పేమీ లేదు. నేను పెరిగిన ఇంట్లో పాట మొదలైతే నమలడం నిషిద్ధం.

పావగడ తాలూకాలో మాది వేరుశెనగ పండించే ఇల్లు. తొలకరి పడగానే విత్తనపు కాయలు ఒలవడానికి ఊళ్లోని ఆడవాళ్లంతా మా పంచలో చేరేవాళ్లు. ఒలిచే చెయ్యి అప్పుడప్పుడూ నోటిదాకా వెళ్లడం సహజం. మా అవ్వకు అది విత్తనానికి నష్టం. తినొద్దని పైకి అంటే ఇంటికి పరువు తక్కువ. అందుకని ఒకప్పుడు నాటకాలకు పిటీలు వాయించిన, ఊరంతా పిటీలు తాత అని పిలిచే ముసలాయనను పిలిపించేది. ఆయన కమాను లాగితే ఆడవాళ్లు పాడాలి. పాడే నోటికి నమలడం కుదరదు. మా వంశం చేసిన కళాపోషణ ఇంతే.

ఎవరి గొంతు తగ్గినా అవ్వ పసిగట్టేది. "ఏమ్మే, నీ గొంతు యాడ పోయింది?"

"పొలమారిందవ్వా."

"ఏం తింటే పొలమారింది?"

తాత ఎవరి పక్షమో నాకు చాలా ఏళ్లు తెలియలేదు. చరణానికీ చరణానికీ మధ్య ఆయన కళ్లు మూసుకుని పిటీలు ఒక్కటే చాలాసేపు వాయించేవాడు. అంతసేపూ నోళ్లన్నిటికీ సెలవు. సంగీతం తెలియని మా అవ్వ అదీ పాటలో భాగమే అనుకుని తల ఊపేది.

ఆఖరి మూటకు దబ్బనంతో కుట్టు పడ్డాక అందరూ మూటల చుట్టూ చప్పట్లు కొడుతూ తిరిగేవాళ్లు. నాగలమడిక నుంచి వచ్చిన కోడళ్లు ఏటి ఇసుకలో నడిచినట్టు అడుగు ఈడ్చి ఆడతారు. అరసికెరె కోడళ్లు మడమతో నేలను కొడతారు.

"అది ఆటనా, తేలు కనపడిందా?" అని వీళ్లు.

"మీది ఆటనా, మోకాళ్ల నొప్పులా?" అని వాళ్లు.

తాత ఒక చుట్టు వాళ్ల అడుగుకు, ఒక చుట్టు వీళ్ల అడుగుకు వాయించేవాడు.

తర్వాత వానలు మానుకున్నాయి. విత్తడం లేదు కాబట్టి ఒలుపు లేదు, ఒలుపు లేదు కాబట్టి పాట లేదు. చాలామంది ఆడవాళ్లు ఇటుకలు మోయడానికి బెంగుళూరు బస్సెక్కారు. కాలేజీ సెలవులకు వచ్చిన నన్ను తాత దారిలో నిలబెట్టాడు.

"రాగం నా కాడ ఉండాది. మాటలు వాళ్ల నోట్లో ఉండాయి. బస్సెక్కిన ఒక్కొక్కామె ఒక్కో చరణం ఎత్తుకోని పోయిందప్పా. నీకేమన్నా జ్ఞాపకం ఉండాయా?"

"నాకు నమిలేది ఒకటే వచ్చు తాతా" అన్నాను.

నవ్వాడు. "ఒక్క ఒలుపు పడితే సాలు. మిగిలినోళ్లు నోరు తెరిస్తే మళ్లా అతుక్కుంటాయి."

మరుసటి ఏడూ వాన రాలేదు. దాచిన విత్తనం ముసలిదై, ఇక మొలవదని తేలింది. ఊళ్లో ఎన్ని పొయ్యిలు వెలగడం లేదో అవ్వకు తెలుసు. ఒక పొద్దున మూటలు విప్పించి, మిగిలిన ఆడవాళ్లను పిలిచి, పంచ మధ్యలో కాయలు కుప్ప పోయించింది. "తినండి" అంది. ఎవరూ చెయ్యి చాపలేదు. అవ్వ తనే ఒక కాయ ఒలిచి నోట్లో వేసుకుంది. ఆ తర్వాత ఒలిచే చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు.

ఆ చప్పుడు వీధిలోకి పోయింది. ఒలుపు పడిందనుకుని తాత ఉతికిన పంచె కట్టుకుని, పిటీలు చంకన పెట్టుకుని వచ్చాడు. తన స్తంభం దగ్గర కూర్చుని, తీగలు బిగించి, మొదటి పాట ఎత్తుగడ వాయించి ఆగాడు. అందుకోవాల్సిన వాళ్లు తలలు వంచుకున్నారు. మళ్లీ వాయించి, ఊఁ అన్నట్టు గడ్డం ఎగరేశాడు. ఒకామె పాడదామని గబగబా మింగబోయింది. పొలమారింది. ఏం తిన్నావని ఎవరూ అడగలేదు.

తాత మూడోసారి కమాను ఎత్తాడు.

"పిటీలు పక్కన పెట్టి నువ్వూ తిను అన్నా" అంది అవ్వ. "పాడేదానికి ఈడ ఎవురి నోరూ ఖాళీగా లేదు."