తొమ్మిదో తూటా

బహదూర్‌పురాలో జూపార్కు ప్రహరీ వెనక గల్లీలో ఉండే మల్లన్నకు యాభై తొమ్మిదేళ్లు. బేగంబజార్‌లో స్టీలు సామాను మోసే హమాలీ. అంతకుముందు పద్దెనిమిదేళ్లు ఊరవతల ఒక కంకర క్వారీలో తూటాలు పేల్చాడు. బండకు పొక్కలు కొట్టడం, వాటిలో మందు కూరడం, వత్తి అంటించి పరుగెత్తడం, చాటున కూచుని ఎన్ని పేలాయో లెక్కబెట్టడం ఆయన పని. ఆ పని వదిలి పందొమ్మిదేళ్లయింది. అయినా గల్లీలో ఏ పెళ్లి బరాత్‌లోనో పటాకులు పేలితే ఈనాటికీ పెదవులు కదుపుతూ లెక్కబెడతాడు.

కూతురు సోనీ మాదాపూర్‌లో వీడియో గేములు తయారుచేసే కంపెనీలో పనిచేస్తుంది. ఏడు కోటలు తిరుగుతూ రాక్షసులను చంపే నీలి అనే పిల్ల కథతో ఆ కంపెనీ మూడు గేములు తెచ్చింది, నాలుగోది తయారవుతోంది. నీలి సంచిలో కత్తి, బాణాలతో పాటు రకరకాల బాంబులుంటాయి. అవి పేలే తీరు సరిచూడటం సోనీ బాధ్యత.

ఒక ఆదివారం మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆమె లాప్‌టాప్ తెచ్చి తండ్రి ముందు పెట్టింది.

"బాపూ, జర చూడు. ఇవి దీపావళి పటాకుల్లెక్క ఉన్నయని మా మేడమ్ లొల్లి వెడుతున్నది."

మల్లన్న చూశాడు. మొదటిది ఇనుప గుండు, వత్తి ఉన్నది. నీలి విసిరితే గుంపుగా వస్తున్న రాక్షసుల్లో ముగ్గురు ముక్కలై పడ్డారు. రెండోది ఎలుక ఆకారంలో ఉంది. గోడ వెంట పరుగెత్తి సందులో దాక్కున్నవాడి కాళ్ల మధ్య పేలింది. ఇంకోటి నీళ్లలో మునిగి పేలితే చెరువంతా ఎర్రబడింది. బాణం ములుకుకు కట్టే చిన్నవి ఉన్నాయి. చెట్టుకు కాసే ముళ్లకాయ ఒకటుంది, తెంపిన మరుక్షణం నుంచి కాగుతుంది. సోనీ కావాలనే పట్టుకుని ఉంటే నీలి చేయి భుజం దాకా ఎగిరిపోయింది. మొదటి గేములో రెండే రకాలుండేవట, ఇప్పుడు పదకొండు.

ఆఖరున నీలి ఒక కొండ పగిలి పడ్డ పర్రెలో గుండు పెట్టి పేల్చింది. కొండ రెండుగా చీలి దారి ఇచ్చింది. మల్లన్న పకపకా నవ్వాడు.

"పర్రెల వెడితె బండ పగులుతదా బిడ్డా? దమ్మంత పర్రెలకెళ్లి బయటికే పాయె. పక్కకు పొక్క కొట్టి, మందు కూరి, మన్నుతోని గట్టిగ మూతి మూయాలె. అప్పుడు ముందుగాల బండ ఉబ్బుతది. దాని ఎనుక పొగ. దూరం నిలబడ్డోనికి సప్పుడు అన్నిటికన్న ఎనుక వస్తది."

సోనీ రాసుకోవడం మొదలుపెట్టింది. ఆ వారమే ఆయన్ను ఆఫీసుకు తీసుకుపోయింది.

అక్కడ సోనీ పై అధికారి అలేఖ్య, కాకినాడ నుంచి వచ్చి స్థిరపడిన మనిషి, మల్లన్నకు కుర్చీ వేసి గంటసేపు ప్రశ్నలు వేసింది. రాళ్లు ఎంతెత్తు ఎగురుతాయి, దుమ్ము ఏ రంగులో ఉంటుంది, చెవుల్లో హోరు ఎంతసేపుంటుంది. మల్లన్న హుషారుగా చెప్పాడు. చివరికి ఆమె అడిగింది:

"ఇన్ని రకాలు చూశారు కదండీ, వీటన్నిటిలో మీకు దేనికి భయం?"

"పేలనిదానికి, మేడమ్."

అని ఊరుకోవచ్చు. పందొమ్మిదేళ్లు ఊరుకున్నాడు. కాని ఆ చల్లటి గదిలో, ముక్కూమొహం తెలియని మనిషి ముందు నోరు ఆగలేదు.

ఆనాడు క్వారీలో తొమ్మిది పొక్కలు నింపారు. వత్తులు అంటించి అందరూ చాటుకు పరుగెత్తారు. ఒకటి, రెండు, మూడు... మల్లన్న లెక్కబెడుతున్నాడు. ఎనిమిది దాకా గుండె అదిరేలా వినిపించాయి. తొమ్మిదోది పలచగా వినిపించింది. ఎదుటి బండకు తగిలి తిరిగొచ్చిన మోతేమోనని అనుమానం వచ్చింది. అనుమానం వస్తే అరగంట దాకా ఎవరూ కదలకూడదు. కింద లారీలు హారన్లు కొడుతున్నాయి. పని చేయించే మున్షీ ఆలస్యమవుతోందని బూతులు తిడుతున్నాడు. మల్లన్న లేచి నిలబడి "తొమ్మిదైనయ్!" అని కేకేశాడు.

డ్రిల్లు పట్టుకుని ముందు దిగింది దుర్గయ్య. మల్లన్న చెల్లెలు లీలమ్మ మొగుడు. బండ మీద డ్రిల్లు ఆనించాడు. పేలని తూటా దాని కిందే ఉంది.

మల్లన్నకు మోత వినబడలేదు. దుర్గయ్య నిలబడ్డచోట ఎర్రటి దుమ్ము లేచింది. ఎగిరొచ్చిన కంకర ఇద్దరు కూలీల మొహాలు చీరేసింది. దుర్గయ్య నడుము పైభాగం మూడు నిలువుల అవతల పడింది. కళ్లు తెరిచే ఉన్నాయి. మిగతాది మల్లన్నే సిమెంటు సంచీలో ఏరాడు. యాభై గజాల దూరంలో తుమ్మకొమ్మకు వేలాడుతున్న చొక్కా చేయిని కర్రతో దించాడు.

సంచి మూతి కట్టకముందే మున్షీ వచ్చి మెడ పట్టుకున్నాడు. "తాగొచ్చిండని చెప్పు. లేకుంటె లెక్క తప్పినోనివి నువ్వే. జేల్ల కుళ్లుతవ్."

పోలీసులు అడిగితే మల్లన్న తల ఊపాడు. దుర్గయ్య కల్లు కూడా ముట్టేవాడు కాదు.

అలేఖ్య పెన్ను పక్కన పెట్టింది. సోనీ తండ్రి వంక కొత్తమనిషిని చూసినట్టు చూసింది. ఇంటికొచ్చే బస్సులో, నాంపల్లి దాటాక అడిగింది.

"అత్తకు ఎర్కనా?"

"లేదు."

"మామ తాగి సచ్చిండని ఆమె ఇయ్యాలటికి తిడతది, బాపూ. పెద్దలకు వెట్టే పెత్రమాస నాడు గూడ ఆయన పేరు మీద మెతుకు వెట్టదు."

మర్నాడు పొద్దున మల్లన్న పనికి పోకుండా మలక్‌పేట వెళ్లాడు.

లీలమ్మ ఒక హాస్టల్లో వంటమనిషి. వెనక వాకిట్లో పెద్ద పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే ఇనుప గంటెతో కలుపుతోంది. అన్నను చూసి "ఏందన్నా, గింత పొద్దుగాల?" అంది నవ్వుతూ. ఆయన కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. ఎనిమిది పేలాయని, తొమ్మిదన్నానని, మున్షీ చెప్పమన్న అబద్ధానికి తల ఊపానని.

లీలమ్మ గంటెను పప్పులోంచి పైకి తీసింది.

"తాగలేదా?"

"లేదు చెల్లె."

గంటె గాలిలో లేవడం ఆయన చూశాడు. తప్పుకోలేదు. మొదటి దెబ్బకు నుదురు చిట్లింది. వేడి పప్పు, రక్తం కలిసి కంట్లోకి కారాయి. రెండోది చెవి మీద, మూడోది మెడ మీద.

"లెక్క తప్పుడు మనిషికి ఉంటది! నా మొగణ్ణి తాగుబోతును జేస్తివి గదరా! సచ్చినోన్ని పందొమ్మిదేండ్లు తిట్టిపిస్తివి గదరా నాతోని!"

మిగతా వంటవాళ్లు వచ్చి గంటె లాక్కుంటే ఆమె అన్న కాలరు పట్టుకుని ఈడ్చుకుంటూ రెండు గల్లీల అవతల ఉన్న మరిది బాలనర్సింహ ఇంటికి తీసుకుపోయింది. నెత్తుటి మొహంతో నడుస్తున్న మనిషిని జనం ఆగి చూశారు. గడప ముందు నిలబెట్టి "మళ్లా చెప్పు" అంది. మల్లన్న మొదటినుంచీ మళ్లీ చెప్పాడు.

బాలనర్సింహ లారీ డ్రైవరు, పిడికిలి సుత్తి లాంటిది. ఒక్క గుద్దుకు మల్లన్న మోరీ కాలువ పక్కన పడ్డాడు. అన్న పేరెత్తి ఏడుస్తూ, కడుపులో తన్నాడు, పక్కలో తన్నాడు. ఎముక విరిగిన చప్పుడు మల్లన్నకు లోపలనుంచి వినిపించింది. చేయి అడ్డం పెట్టలేదు. ఇంకో కాలు లేచేసరికి లీలమ్మ మరిది నడుము పట్టుకుని వెనక్కి లాగింది.

"సాలు. ఈడు గూడ సస్తే మీ అన్న తాగలేదని సెప్పేటోడు ఉండడు."

మల్లన్న పదకొండు రోజులు దవాఖానలో ఉన్నాడు. రెండు పక్కటెముకలు విరిగాయి, నుదుటికి తొమ్మిది కుట్లు. కేసు పెడతావా అని పోలీసు అడిగితే, మెట్ల మీద జారిపడ్డానన్నాడు. పోలీసులకు ఆయన చెప్పిన అబద్ధాల్లో ఇది రెండోది. దీనికి నిద్ర చెడలేదు.

ఏడోరోజు లీలమ్మ వచ్చింది. మంచం దగ్గరికి రాలేదు, గుమ్మంలోనే నిలబడింది.

"ఖైరియత్ అడగనీకి, పానం ఎట్లున్నదననీకి రాలే. ఆయన ఫోటోలన్ని చింపేసిన. నీ కాడ ఒక్కటన్న ఉన్నదా?"

ఉంది. దుర్గయ్య క్వారీలో పనికి దిగిన కొత్తలో కూలీలందరూ కలిసి తీయించుకున్నది. ఇంటి ట్రంకు అడుగున ఉన్న ఆ ఫోటోను సోనీ తెచ్చి కంప్యూటర్‌లో పెట్టింది. పక్కవాళ్లను తీసేసి, మరకలు తుడిచి, దుర్గయ్య ఒక్కణ్ణే పెద్దగా చేసింది. భుజం మీద మాత్రం ఒక చేయి మిగిలింది.

"అది బాపుది, అత్తా. ఉంచాల్నా?"

వెనక నిలబడ్డ లీలమ్మ తెర మీదికి వంగి చూసింది.

"తీసెయ్."

సోనీ తీసేసింది.

నాలుగో గేములో పన్నెండో రకం బాంబు చేరింది. ఆడేవాడు విసురుతాడు, ఒక్కోసారి అది పేలదు. ఓపిక పట్టకుండా దగ్గరికి పోతే నీలి చస్తుంది. గేము ఆడి సరిచూసే కుర్రాళ్లు మొదటి రోజే వందలసార్లు నీలిని చంపుకుని, ఇది అన్యాయమని అరిచారు. అలేఖ్య మార్చనివ్వలేదు. దానికి పేరేం పెడదామని సోనీ అడిగితే, పేరు వద్దన్నాడు మల్లన్న.

ఆ ఏడు పెత్రమాసకు లీలమ్మ మొగుడి పేరున విస్తరి వేసి, దండ వేసిన ఫోటో ముందు కొత్త పంచె పెట్టింది. మల్లన్న పిలవకపోయినా వచ్చి గడప బయట కూచున్నాడు. బాలనర్సింహ మొహం తిప్పుకుని లోపలికి పోయాడు. అందరూ తిన్నాక లీలమ్మ ఒక కంచంలో అన్నం, పప్పు పెట్టి తెచ్చి ఆయన ముందు నేల మీద ఉంచింది. తినమని అనలేదు. మల్లన్న తిని, కంచం తనే కడిగి, గోడకు ఆనించి వెళ్లిపోయాడు.